గేరు మార్చే చెయ్యి, విని చెప్పే చెవి

చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళినవాళ్ళెవరూ ఆ పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ముందు ఓ నిమిషం ఆగకుండా రారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. కారు ఊళ్ళోకి వచ్చేసరికి ఆయన లేరు, 1911 ఆగస్టులోనే పోయారు. 1912 నాటి బండి. బాడీ కట్టింది లండన్ బార్కర్ కంపెనీ వాళ్ళు. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది కాబట్టి అందరూ అటే చూస్తారు, ఫోటోలు కూడా అటువైపే. కానీ ఆ కాలంలో కారు నడవాలంటే అసలు కష్టపడాల్సింది సింహాసనం మీది ఆయన కాదు, స్టీరింగ్ ముందు కూర్చున్నాయన. ఆయన గురించి ఎవరూ బోర్డు పెట్టరు.

ఈ టపా ఆ ముందు సీటు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, గేరు సరిగ్గా పడకపోతే రోగం ఎక్కడుందో కనిపెట్టే విద్య గురించి. ఆ విద్య మొదట డ్రైవరు చేతిలో ఉండేది, తర్వాత మెకానిక్ చెవిలోకి వెళ్ళింది, ఆ తర్వాత కంప్యూటర్లోకి వెళ్ళింది. ఆ కంప్యూటర్ తాళం ఇప్పుడెవరి దగ్గర ఉంది అన్నదే నా గొడవ.

1909 నుంచి 1913 దాకా వచ్చిన సిల్వర్ ఘోస్ట్‌లకి మూడే గేర్లు. అప్పటికి సింక్రోమెష్ లేదు. అంటే గేరుపెట్టెలో రెండు పళ్ళచక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటే వాటిని ఒక వేగానికి తెచ్చే ఏర్పాటేదీ లోపల లేదు. ఆ పని డ్రైవరే చెయ్యాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తేవాలి, క్లచ్ వదలాలి, ఇంజను వేగాన్ని అంచనాగా సరిచెయ్యాలి, మళ్ళీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. అంచనా తప్పితే ఇనుము మీద ఇనుము రాసుకుని కర్రుమంటుంది, వీధి వీధంతా తిరిగి చూస్తుంది. రోల్స్ రాయిస్ వాళ్ళు షోఫర్లకి శిక్షణ ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక బడే నడిపారంటే చూడండి.

ఇక్కడో తమాషా ఉంది. గేరు మార్చడం అంత గండం కాబట్టి, గేరు మార్చనవసరం లేకపోవడమే ఆ రోజుల్లో గొప్ప. 1911లో రోల్స్ రాయిస్ ఒక సిల్వర్ ఘోస్ట్‌ని లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా మొత్తం టాప్ గేరులోనే నడిపించి చూపించింది. పెద్ద ఇంజను, ఎంత నెమ్మదిగానైనా గునవకుండా లాగే ఇంజను, అదే వాళ్ళ ప్రచారం. ఇవాళ మనం ఆటోమేటిక్ కారు కొని "హాయిగా ఉంది, గేరు గొడవ లేదు" అంటామే, ఆ కోరిక కారు పుట్టిన కొత్తలోనే ఉంది. దాన్ని తీర్చే యంత్రమే లేదు.

రాజుగారి కారు సంగతి అలా ఉంచితే, మామూలు జనానికి గేరు శబ్దం పరిచయం చేసింది బస్సు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే వాళ్ళు 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టారు. తర్వాతి ఆర్టీసీకి అదే మూలం. పెద్ద బండ్లకి సింక్రోమెష్ రావడం బాగా ఆలస్యమైంది కాబట్టి మన బస్సు, లారీ డ్రైవర్లు ఈ డబుల్ క్లచ్ విద్యని చాలా ఏళ్ళు మోశారు. అంబాసిడర్‌కి కూడా చాలాకాలం ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ లేదు. బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్ వేస్తే అది ఏమనేదో మా నాన్న తరం వాళ్ళని అడగండి.

ఈ పాత పద్ధతిలో ఒక సుఖం ఉంది. గేరు మార్చేది మనిషే కాబట్టి తేడా వస్తే మొదట తెలిసేదీ ఆ మనిషికే. సెకండ్ గేరు జారిపోతోందా, క్లచ్ పూర్తిగా విడవట్లేదా, బేరింగు పోయిందా అన్నది అరచేతికీ అరికాలికీ తెలిసేది. మన భాషలో చెప్పాలంటే రాసినవాడూ, నడిపేవాడూ, బగ్ పట్టేవాడూ ఒక్కడే.

ఇప్పుడు ఆటోమేటిక్ దగ్గరికి వద్దాం. దీనికి ఒక తండ్రి అంటూ లేడు. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ 1905లో ద్రవంతో శక్తిని బదిలీ చేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు, అదీ కార్ల కోసం కాదు, ఓడల కోసం. టార్క్ కన్వర్టర్‌కి మూలం అది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో ప్లానెటరీ గేర్లు ఉన్నాయి. ఒక చక్రం చుట్టూ చిన్న చక్రాలు, వాటి చుట్టూ పళ్ళున్న వలయం. వీటిలో దేన్ని పట్టి ఆపితే ఆ గేరు. పళ్ళు ఎప్పుడూ కలిసే ఉంటాయి కాబట్టి కర్రుమనే సమస్యే లేదు. ఇక 1928లో కాడిలాక్ కార్లకి సింక్రోమెష్ ఇచ్చిన ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరే తర్వాత జనరల్ మోటార్స్‌లో ఆటోమేటిక్ గేరుపెట్టె తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించాడు. 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్‌తో, హైడ్రామాటిక్ పేరుతో అది బజారుకెక్కింది. అదనపు ధర 57 డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అదే పెట్టెని అమెరికా వాళ్ళు ఎం5 స్టూవర్ట్ ట్యాంకుల్లో పెట్టారు. యుద్ధం దాన్ని బాగానే పరీక్షించింది. చివరికి 1952లో, గేర్ల విషయంలో అంత గర్వపడిన రోల్స్ రాయిస్ కూడా జనరల్ మోటార్స్ దగ్గర లైసెన్సు తీసుకుని హైడ్రామాటిక్ బిగించుకోవాల్సి వచ్చింది!

ఆ పెట్టె లోపల కంప్యూటర్ లేదని గుర్తుపెట్టుకోండి. ఎప్పుడు ఏ గేరు అన్నది నిర్ణయించేది ఆయిల్ ఒత్తిడి. బండి వేగాన్ని బట్టి ఒక ఒత్తిడి, యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్న దాన్ని బట్టి ఇంకో ఒత్తిడి. రెండూ ఒక వాల్వుని చెరోవైపు నుంచి తోస్తాయి. ఏది గెలిస్తే దాన్ని బట్టి గేరు. వాల్వ్ బాడీ అనే ఆ ఇనుప పలకలో చీమల పుట్టలా దారులుంటాయి. ఆయిల్‌తో రాసిన ప్రోగ్రామ్ అది. ఇఫ్, ఎల్స్ అన్నీ ఉంటాయి, తెర మాత్రం ఉండదు.

తెర లేకపోతే డీబగ్ చేసేదెలా? దీనికి ఆ తరం మెకానిక్కులు కనిపెట్టిన పద్ధతి చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఉదాహరణకి 1956లో వచ్చిన క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, మూడు గేర్ల పెట్టె. అందులో వెనక క్లచ్ అని ఒకటి ఉంటుంది, ముందుకు వెళ్ళే మూడు గేర్లకీ అది పట్టాల్సిందే. ముందు క్లచ్ అని ఇంకోటి, అది థర్డ్‌లోనూ రివర్స్‌లోనూ పడుతుంది. సెకండ్ గేరుకి ఒక ఉక్కు పట్టీ వచ్చి డ్రమ్ముని బిగించి పట్టుకుంటుంది. ఇప్పుడు ఈ పట్టికని చేతిలో పెట్టుకుని రోడ్డు మీదకి వెళ్ళండి. రివర్స్ బాగుంది, ముందుకి ఏ గేరూ పడట్లేదు, అంటే వెనక క్లచ్‌ని అనుమానించాలి. థర్డ్ జారుతోంది, రివర్స్ కూడా జారుతోంది, ముందు క్లచ్. ఒక్క సెకండ్ మాత్రమే జారుతోంది, మిగతావన్నీ సుబ్బరంగా ఉన్నాయి, పట్టీ వదులైంది. ఆ పట్టీని బయటి నుంచి స్క్రూ తిప్పి బిగించొచ్చు కూడా. పెట్టె విప్పకుండా, పదిహేను నిమిషాల డ్రైవింగ్‌తో లోపల ఏ భాగం చెడిందో దాదాపుగా చెప్పెయ్యొచ్చు. మనం ట్రూత్ టేబుల్ అని కాలేజీలో చదివింది ఇదే కదండీ.

దీనికి ముందు ఇంకో మెట్టుంది. ఆయిల్ చూడటం. కొత్త ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి కాలిన వాసనొస్తే లోపల క్లచ్ పలకలు మాడుతున్నాయని అర్థం. పాల రంగులోకి మారితే నీళ్ళు కలిశాయని. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఒత్తిడి పడిపోతుంది, గేరు పడటం ఆలస్యమవుతుంది, ఇంజను రయ్యిమంటుంది కానీ బండి కదలదు. ముందు ఆయిల్, తర్వాత రోడ్డు, తర్వాత ఒత్తిడి కొలిచే మీటరు, అన్నీ అయ్యాకే విప్పడం. చవకైన పరీక్ష ముందు, ఖరీదైనది చివర. ఈ వరుసే ఆ వృత్తికి వెన్నెముక.

మన దేశంలో చాలాకాలం ఈ విద్య అవసరమే పడలేదు. 1983లో మారుతి వచ్చినా, 90ల్లో కొన్ని ఆటోమేటిక్ మోడళ్ళు వచ్చినా, "మైలేజీ రాదు, రిపేరొస్తే కొంప కొల్లేరే" అని జనం వాటికి దూరంగా ఉన్నారు. 2014లో మారుతి సెలేరియోలో ఏఎంటీ వచ్చాకే మధ్యతరగతి ఇళ్ళలోకి రెండు పెడళ్ళ కారు చొరబడింది. (ఏఎంటీ అంటే లోపల మామూలు గేరుపెట్టే ఉంటుంది, క్లచ్ తొక్కే కాలూ గేరు మార్చే చెయ్యీ మాత్రం మోటార్లవి.)

మరి అంతకు ముందు హైదరాబాదులో ఆటోమేటిక్ గేరుపెట్టె విప్పగలిగిన వాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? పాతబస్తీలో నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన కథ వింటే నాకో జవాబు దొరికింది. 70ల చమురు జోరు మొదలయ్యాక పాతబస్తీ నుంచి గల్ఫ్‌కి వలస వెళ్ళని వీధి లేదు. ఈయనా కుర్రతనంలో జెడ్డా వెళ్ళి పదిహేనేళ్ళు వర్క్‌షాపులో పనిచేశారు. అక్కడ పెద్ద పెద్ద అమెరికన్ కార్లు, జపాన్ కార్లు, ఎక్కువ భాగం ఆటోమేటిక్. ఎండ మనకంటే దారుణం. గేరుపెట్టె ఆయిల్‌కి వేడే మొదటి శత్రువు కాబట్టి ఎన్ని రకాలుగా చెడొచ్చో అన్ని రకాలుగానూ చెడటం ఆయన చూశారు. తిరిగొచ్చి షెడ్డు పెట్టుకుంటే మొదట్లో పనే లేదు, ఊళ్ళో ఆటోమేటిక్ కార్లుంటే కదా! ఓల్డ్స్‌మొబీల్ వాళ్ళ విద్య మన ఊరికి పుస్తకంలో రాలేదు. జెడ్డా నుంచి ఒక మనిషి వేళ్ళల్లో వచ్చింది.

ఆయన దగ్గరికి నేను ఎందుకెళ్ళానంటే, నా సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్ కారు మొరాయించడం మొదలెట్టింది. పొద్దున బాగానే ఉండేది. మదీనా సెంటర్ నుంచి చార్మినార్ వైపు ఆ తోపులాటలో అరగంట నడిచాక సెకండ్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు ఒక్క క్షణం రయ్యిమని ఆగి, వెనక నుంచి ఎవరో గుద్దినట్టు పడేది. ఒక సర్వీస్ సెంటర్‌లో (పేరెందుకు లెండి) స్కానర్ పెట్టారు. రెండు కోడ్లొచ్చాయి: పి 0700, పి 0730. ప్రింటవుట్ తీసి, గేరుపెట్టె మొత్తం మార్చాలి, లక్షన్నర పైమాటే అన్నారు.

ఆ కోడ్ల అర్థమేమిటో చూడండి. పి 0700 అంటే "గేరుపెట్టె కంప్యూటర్ ఏదో తప్పు గమనించింది" అని. అంతే. మన సర్వర్లు పడేసే "ఇంటర్నల్ ఎర్రర్" లాంటిదన్నమాట. పి 0730 అంటే లోపలికెళ్ళే వేగానికీ బయటికొచ్చే వేగానికీ ఉండాల్సిన నిష్పత్తి లేదు అని. అంటే ఏదో జారుతోంది. ఎందుకు జారుతోంది అన్నది కోడ్ చెప్పదు. క్లచ్ పలకలు అరిగి జారొచ్చు, సోలినాయిడ్ ఇరుక్కుని జారొచ్చు, ఆయిల్ లేక జారొచ్చు. ఒక దానికి లక్షన్నర, ఇంకోదానికి కొన్ని వేలు.

పెద్దాయన ప్రింటవుట్ చూసి మడిచి జేబులో పెట్టుకున్నారు. "పైలే తేల్ దేఖో సాబ్, కంప్యూటర్ బాద్ మే" అన్నారు. తర్వాత అన్నీ ప్రశ్నలే. వేడెక్కాకే వస్తోందా? రివర్స్ ఎలా ఉంది? మలుపు తిరిగేటప్పుడు ఎక్కువవుతోందా? అవును, కుడివైపు గట్టిగా తిరిగినప్పుడు ఎక్కువ. ఆయన తల ఊపారు. ఆయిల్ తక్కువగా ఉంటే మలుపులో అది ఓ పక్కకి ఒరుగుతుంది, పంపు నోరు గాలిలో తేలుతుంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గీతకి బాగా కింద ఉంది. రంగు ముదిరింది కానీ మాడు వాసన లేదు. బండి కింద దూరి చూస్తే కూలర్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం దగ్గర క్లిప్పు వదులై, ఆయిల్ చెమటలా కారి దుమ్ముతో గడ్డకట్టి ఉంది. గొట్టం, ఫిల్టరు, ఆయిల్ మార్చి, నాతోనే ఓ గంట తిప్పించారు. అయిపోయింది. ఇంకో రెండు నెలలు అలాగే నడిపితే మాత్రం స్కానర్ వాళ్ళ మాటే నిజమయ్యేదట.

ఈ కథ చెప్పి "చూశారా, పాతదే బంగారం, కంప్యూటర్ దండగ" అనడం నా ఉద్దేశం కాదు. అలా అనుకుంటే మనమే మునుగుతాం. ఇవాళ్టి గేరుపెట్టెల్లో వాల్వుల్ని కదిపేది సోలినాయిడ్లు, వాటిని కదిపేది సాఫ్ట్‌వేర్. అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకీ ఓబీడీ 2 తప్పనిసరి చేశారు. మన దగ్గర మొదటి దశ ఓబీడీ 2010 ఏప్రిల్‌లో, రెండో దశ 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. ఏఎంటీలో క్లచ్ మార్చాక అది ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాలి. అది చెవితో అయ్యే పని కాదు, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. ఆ పెద్దాయన కూడా ఇలాంటి బండ్లు వస్తే "ఇది నావల్ల కాదు సాబ్" అని పంపించేస్తున్నారు. విద్య లేక కాదు, తాళంచెవి లేక.

ఈ తాళం సంగతి మన దేశంలో ఒకసారి కోర్టు మెట్ల దాకా వెళ్ళింది. విడిభాగాలు, రిపేరు పనిముట్లు బయటి మెకానిక్కులకి దొరకనివ్వట్లేదని 2011లో ఒక వ్యక్తి కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. మూడు కంపెనీల మీద మొదలైన విచారణ చాలా కంపెనీలకి పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, రోగం కనిపెట్టే పరికరాలూ, మాన్యువళ్ళూ బయటివాళ్ళకి అందుబాటులో ఉంచమంది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ రద్దు అనకూడదంది. ఆ తర్వాత అప్పీళ్ళు, హైకోర్టులు, మనకి తెలిసిన కథే. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. అమెరికాలో మసాచుసెట్స్ వాళ్ళు 2012లోనూ, కార్లు వైర్‌లెస్‌గా పంపే డేటా గురించి 2020లోనూ ఏకంగా ఓటు వేసి చట్టం తెచ్చుకున్నారు. మన దగ్గర కాగితం మీద హక్కు ఉంది. పాతబస్తీ షెడ్డులోకి ఆ హక్కు ఇంకా నడిచి రాలేదు.

కంపెనీల వైపు వాదన లేకపోలేదు. గేరుపెట్టె సాఫ్ట్‌వేర్‌ని ఎవడు పడితే వాడు మారిస్తే బండి రోడ్డు మధ్యలో న్యూట్రల్‌కి పడొచ్చు, ప్రాణాల మీదకి రావచ్చు. ఒప్పుకుంటాను. కానీ రాసే అధికారం వేరు, చదివే అధికారం వేరు. మనం రోజూ సర్వర్ల మీద చేసేదదే కదా. ప్రొడక్షన్‌లో మార్పులు చెయ్యడానికి నలుగురి అనుమతి కావాలి, లాగ్ చూడటానికి మాత్రం టీములో అందరికీ వీలుంటుంది. కారు కొన్నవాడికీ, వాడు నమ్మిన మెకానిక్‌కీ తన బండి లాగ్ చదివే హక్కు ఇవ్వడానికి ఏమిటి అడ్డం? లక్షన్నరకీ కొన్ని వేలకీ మధ్య తేడా ఉండేది ఆ చదవడంలోనే. ఏ ఒత్తిడి ఎంతుంది, ఏ సోలినాయిడ్‌కి ఏ ఆజ్ఞ వెళ్ళింది, ఆయిల్ వేడి ఎంత అన్న అంకెలు ఆ పెద్దాయన ముందు పెడితే, జెడ్డాలో నేర్చిన ఆ పట్టికలని ఆయన వీటికీ కట్టేస్తారని నా నమ్మకం.

ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోకండి. 1915లో జెప్పెలిన్ ఎయిర్‌షిప్పులకి పళ్ళచక్రాలు చెయ్యడానికి పుట్టిన జడ్‌ఎఫ్ అనే జర్మన్ కంపెనీ ఇవాళ ప్రపంచంలో పేరున్న ఆటోమేటిక్ గేరుపెట్టెలు చేస్తుంది. వాళ్ళ టెక్నాలజీ సెంటర్ 2017లో మన హైదరాబాదులోనే, నానక్‌రామ్‌గూడలో మొదలైంది. చార్మినార్‌కి ఓ ఇరవై కిలోమీటర్లు. ఇలాంటి ఆఫీసుల్లో కూర్చుని కంట్రోలర్లకి కోడ్ రాసేది మనమే, మన రూమ్మేట్లే, మన బావమరుదులే. తప్పు జరిగినప్పుడు ఏ సందేశం ఇవ్వాలో ఒక మధ్యాహ్నం మీటింగులో తేల్చేదీ మనమే. "ఏదో తప్పు జరిగింది" అని రాసి వదిలేస్తే మన స్ప్రింట్ అయిపోతుంది, అవతల ఎవడిదో గేరుపెట్టె మొత్తం మారిపోతుంది.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి కాబట్టి ఈ గొడవంతా పోతుంది అనే మిత్రులున్నారు. నిజమే, వాటిలో చాలావాటికి ఒక్కటే గేరు, మార్చే పనే లేదు. 2023లో నగరంలోకి తిరిగొచ్చిన డబుల్ డెక్కర్లు కూడా ఎలక్ట్రిక్‌వే. కానీ కర్రుమనే శబ్దం, కాలిన ఆయిల్ వాసన, పాదానికి తగిలే అదురు, ఇవి కూడా పోతాయి. ఇన్నాళ్ళూ రోగం గురించి యంత్రం తనంత తానుగా, ఎవరి అనుమతీ లేకుండా చెప్పిన సాక్ష్యాలు అవి. రేపు మిగిలేది లాగ్ ఒక్కటే. అది చదివే వీలు ఎవరికుంటుంది అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. బండ్లన్నీ మూగబోయాక తీరిగ్గా ఆలోచిద్దామంటే, అప్పటికి వినే చెవి ఉన్నవాళ్ళు షెడ్డుకి తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు.